షెవిత్ వద్దన్న సోఫా

పద్దెనిమిదేళ్ళు నిండిన రోజున ఇంగ్లండులోని థార్న్‌వెల్ ఊళ్ళో ఇంగ్లీషు పిల్లలకి బెలూన్లు కడతారు. షెవిత్‌కి మాత్రం గ్యారెత్‌ని కట్టారు.

గ్యారెత్ చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడు, సైకిలు మీద తిరుగుతాడు, ఊరి కౌన్సిల్లో, పిల్లల శాఖలో ఉద్యోగం. అమ్మా నాన్నా వెంట లేకుండా దేశాలు దాటి వచ్చి శరణు అడిగిన పిల్లలు పద్దెనిమిదేళ్ళకి పెంపుడిల్లు వదిలి బయటికి రావాలి. అలా వచ్చేవాళ్ళకి ఇల్లు చూపించడం, ఇంటి సామానుకని సర్కారు కేటాయించిన డబ్బు ఖర్చుపెట్టించడం అతని పని. ఇవ్వడం కాదు, ఖర్చుపెట్టించడం. ఆ డబ్బు పిల్లల చేతికి రాదు. పేరు పిల్లలది, చెయ్యి కౌన్సిల్‌ది.

షెవిత్ ఉంటున్న పెంపుడిల్లు షీలాది. ఆవిడ వంటగదిలో కూర్చుని గ్యారెత్ తన ఫోన్లో బొమ్మలు చూపించాడు.

"ఇదిగో, ఇది నీ సోఫా. మూడు సీట్లది. ఇది మంచం, ఇది టీవీ, ఇది మైక్రోవేవ్. ఇది వంటింటి పెట్టె. ఇందులో అన్నీ ఉంటాయి. ఒక గిన్నె, ఒక పళ్ళెం, ఒక చెంచా, ఒక గ్లాసు."

"అన్నీ ఒకటేనా?" అంది షెవిత్.

"నువ్వు ఒక్కదానివే కదా మరి."

షెవిత్ ఆ పళ్ళెం బొమ్మని వేళ్ళతో సాగదీసి పెద్దది చేసి చూసింది. ఎంత సాగదీసినా అది చిన్న పళ్ళెమే.

"ఒక పళ్ళెం చాల్లే. కానీ ఇంత ఉండాలి" అని రెండు చేతులూ బారచాపింది. ఒక చెయ్యి వెళ్ళి ఫ్రిజ్‌కి కొట్టుకుంది. గ్యారెత్ నవ్వాడు, తమాషాకి అంటోందనుకుని. షీలా నవ్వలేదు. ఆ పిల్ల తమాషాకి ఎప్పుడంటుందో, ఎప్పుడు అనదో రెండేళ్ళుగా చూస్తున్న మనిషి.

షెవిత్‌ది ఆఫ్రికాలోని ఎరిత్రియా దేశంలో సెనాఫె దగ్గర, రాళ్ళ కొండల మీద ఊరు. తండ్రి సైన్యంలో ఉన్నాడు. అక్కడి సైన్యంలోకి వెళ్ళే దారే తప్ప తిరిగొచ్చే దారి ఉండదు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చి, ఇంటి గోడకి మట్టి మెత్తి, కూతురు ఎంత పొడుగైందో చూసుకుని వెళ్ళిపోయేవాడు. అన్నని బడి నుంచే పట్టుకుపోయారు. తన వంతు రాకముందే, పదిహేనో ఏట, షెవిత్ పక్కింటి ఆడపిల్లలిద్దరితో కలిసి కొండ దిగి సరిహద్దు దాటింది. తల్లికి చెప్పలేదు. చెప్తే ఆవిణ్ణి పట్టుకుని అడుగుతారు. నిజంగా తెలియని మనిషి తెలియదంటే ఆ మొహంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ తర్వాత శిబిరం, ఎడారి, లిబియాలో గోదాము, పడవ, ఫ్రాన్సులో గుడారాలు, లారీ. ఆ దారి సంగతంతా శరణు కాగితాలు చూసే హోమ్ ఆఫీసులో ఒకసారి, డాక్టరు దగ్గర ఒకసారి చెప్పింది. ఇంకెవరైనా అడిగితే, "రాసుకున్నారుగా, చదువుకోండి" అంటుంది. కనుక ఈ కథలోనూ అంతే.

థార్న్‌వెల్‌లో ఆమెని షీలా ఇంట్లో పెట్టారు. షీలా బస్సు నడిపి రిటైరైన మనిషి, భర్త పోయాడు, మనసు మంచిది. వంట అంటే మాత్రం అట్టపెట్టె చింపి లోపలున్నది ఓవెన్‌లోకి తొయ్యడం. వచ్చిన రెండో వారం షెవిత్ ఒక బకెట్టులో పిండి కలిపి, హీటరు పక్కన దుప్పటి కప్పి పెట్టింది. పిండి పొంగింది, పులుపు వాసన లేచింది, షెవిత్‌కి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి బకెట్టు కడిగి బోర్లించి ఉంది. షీలా చేతులకి రబ్బరు తొడుగులు.

"పాపం ఏదో పెట్టి మర్చిపోయినట్టున్నావమ్మా, కుళ్ళిపోయింది. పారబోశాను" అంది షీలా.

అప్పటికి షెవిత్‌కి వచ్చిన ఇంగ్లీషు ఆ దుఃఖానికి చాలదు. మళ్ళీ పిండి కలిపింది. పొంగేదాకా ఆ బకెట్టు పక్కనే చదువుకుంది, పక్కనే పడుకుంది. షీలాకి అర్థమైంది. కానీ తీరా పిండి సిద్ధమయ్యాక, ఆ ఇంట్లో ఉన్న చిన్న పెనం మీద పోస్తే అరచేతంత అట్టు వచ్చింది. షీలా లొట్టలేసుకుని తింది.

"ఇది తాయితా కాదు షీలా. తాయితా ఫోటో" అంది షెవిత్.

అసలు తాయితా అట్టు బండి చక్రమంత ఉంటుంది. దాన్ని పెద్ద పళ్ళెంలో పరిచి, నడుమ కూర గుమ్మరించి, చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎవరి వైపు నుంచి వాళ్ళు తుంచుకుని తింటారు. సెనాఫె వైపు ఒంటరిగా తింటున్న మనిషి కనబడితే, జబ్బు చేసిందా, అలిగిందా, దొంగిలించి తెచ్చిందా అని అడుగుతారు. నాలుగో కారణం ఉంటుందని వాళ్ళకి తోచదు.

ఆ చక్రమంత అట్టు పోసే కరెంటు పెనాన్ని మొగోగో అంటారు. థార్న్‌వెల్‌లో అది అబ్రెహెత్ ఒక్కదాని దగ్గరే ఉండేది. అబ్రెహెత్‌ని ఊళ్ళో ఉన్న ఎరిత్రియా వాళ్ళందరూ "అదెయ్" అనే పిలుస్తారు, అమ్మా అన్నట్టు. ఇరవై ఏళ్ళు ఆసుపత్రి నేల తుడిచి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. సంతకం వచ్చు, తొందరపెడితే అదీ రాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక పిల్లలందరూ ఆవిడ ఇంటికే చేరేవాళ్ళు. ఆవిడ పెట్టేది శనగపిండితో చేసే షిరో కూర, తిట్టేది నోరారా.

"తినరా కుబ్రోమ్, తిను. నిన్ను చూస్తే ఎక్స్‌రే మిషన్ వాళ్ళు దుకాణం కట్టేసుకుంటారు. పైనుంచే అన్ని ఎముకలూ కనబడుతున్నాయి."

"తింటున్నాను అదెయ్."

"ఏం తింటున్నావ్, పక్షి గింజలేరినట్టు. ఒసే షెవిత్, ఆ కూర వాడి వైపు తొయ్యి."

కుబ్రోమ్‌కి పందొమ్మిదేళ్ళు. తల్లిది ఎరిత్రియా, తను పుట్టి పెరిగింది పక్క దేశం ఇథియోపియాలో, అడిస్ అబాబాలో. అందుకని "నువ్వు ఎరిత్రియావాడివని మేం నమ్మం" అన్నారు ఇక్కడి అధికారులు. అప్పీళ్ళన్నీ అయిపోయాయి. అవి అయిపోగానే కౌన్సిల్ వాళ్ళు గది తీసేసుకున్నారు, వారం వారం ఇచ్చేదీ ఆపేశారు. పని చెయ్యకూడదు, చేస్తే నేరం. వెళ్ళిపోవాలి, వెళ్ళడానికి దేశం లేదు. ఎవరో ఒకరి ఇంట్లో నేల మీద పడుకుంటాడు. తిండి మాత్రం పళ్ళెం చుట్టూ కూర్చుని తింటాడు. అది దానం కిందికి రాదు. అందరూ కొంచెం జరిగితే ఇంకొకరికి చోటవుతుంది, జరగడానికి ఎవరి దగ్గరా డబ్బు ఉండక్కర్లేదు.

ఆ చలికాలం అబ్రెహెత్ పెనం లోపలి తీగ కాలిపోయింది. బాగుచేసేవాడు ఒకడు వచ్చి, విప్పి చూసి, మళ్ళీ బిగించి, దీన్ని సాగనంపమన్నాడు. ఆదివారాలు దుకాణం రొట్టె మీదికి దిగాయి. అక్కడ మొదలైంది అసలు చిక్కు. రొట్టె నిలబడి తినొచ్చు, నడుస్తూ తినొచ్చు, జేబులో పెట్టుకుపోవచ్చు. దానికి చుట్టూ కూర్చునే పని లేదు. చుట్టూ కూర్చున్నప్పుడు కుబ్రోమ్ నలుగురిలో ఒకడు. రొట్టె చేతికిచ్చేసరికి ఇచ్చేవాళ్ళు ఒకరు, పుచ్చుకునేవాడు ఒకడు అయిపోయారు. రెండు ఆదివారాలు ఓర్చుకుని, మూడో ఆదివారం నుంచి రావడం మానేశాడు. ఎక్కడ తింటున్నాడని అడిగితే "తిన్నాను" అనేవాడు, ఎక్కడో చెప్పేవాడు కాదు.

షెవిత్‌కి ఇంటి డబ్బు రాబోతున్నది సరిగ్గా అప్పుడే. తనకేం కావాలో ఆలోచించడానికి ఆమెకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"సోఫా వద్దు, టీవీ వద్దు. ఆ డబ్బుతో మొగోగో కొనండి. పెద్ద పళ్ళెం, కాఫీ కాచే మట్టి కూజా, నేల మీద వేసే పీటలు" అని చెప్పింది, గ్యారెత్ మళ్ళీ వచ్చినప్పుడు.

గ్యారెత్ ఫోన్లో వెతికి చూసి బుర్ర గోక్కున్నాడు. "ఇది మేం కొనే దుకాణంలో లేదు."

"మాంచెస్టర్‌లో అమ్ముతారు. నంబరిస్తాను."

"అమ్మో, ఇంత ఉందేంటి ఇది! నీ ఒక్కదానికి ఇంత పెనం దేనికి?"

అక్కడ షెవిత్ నోరు జారింది. జారలేదు, గొప్పగా చెప్పుకుంది.

"ఒక్కదాన్నే ఎందుకు తింటాను, నాకేం జబ్బా? నా ఇంట్లో ఎనిమిది మంది తింటారు. పండగైతే పన్నెండు."

"రోజూనా?"

"దేవుడిస్తే రోజూ!"

సెనాఫె వైపు ఒక ఆడది తన ఇంటి గురించి ఇంతకన్నా గొప్ప మాట చెప్పుకోలేదు. వినగానే ఎదుటివాళ్ళు లేచి దీవించాలి. గ్యారెత్ లేవలేదు, ఫోన్లో ఏదో టైపు చేశాడు. ఆ మాట ఆఫీసుకి చేరేసరికి దాని మొహమే మారిపోయింది. ఒక్క గది ఇంట్లో ఎనిమిది మందిని దింపబోతోంది, కాకపోతే వంట వ్యాపారం పెట్టబోతోంది అని తేల్చుకున్నారు. వారం తిరక్కుండా కబురొచ్చింది. ఇంటి తాళం ఆపారు. గ్యారెత్ పైఅధికారి హిలరీ అనే ఆవిడ మీటింగ్ పెట్టింది.

మీటింగుకి ముందురోజు గ్యారెత్ సైకిలు తొక్కుకుంటూ కాలేజీ గేటు దగ్గరికే వచ్చాడు. పాపం రొప్పుతున్నాడు.

"చూడు షెవిత్, ఒక్క ముక్క చెప్పు చాలు. 'నేను ఒంటరిగా ఉంటాను, ఒంటరిగా తింటాను.' ఆవిడకి అంతే కావాలి. తాళం చేతికొస్తుంది. తర్వాత ఎవరొచ్చి తిన్నా నేను చూడొచ్చానా?"

"నువ్వు చూడనిదానికి నేనెందుకు అబద్ధం చెప్పాలి?"

"అబద్ధం కాదు తల్లీ, మాట తీరు."

"నేను ఈ దేశం వచ్చి నిజం చెప్పాను. చెప్పిన నిజానికి కాగితాలిచ్చారు. ఇప్పుడు అట్టు కోసం అబద్ధం చెప్పనా?"

గ్యారెత్ సైకిలు బెల్లు ఒకసారి ఊరికే మోగించి వెళ్ళిపోయాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు అతను చేసే పని అదే.

సాయంత్రం అబ్రెహెత్ ఇంట్లో ఇంకో రకం పంచాయితీ.

"ఎందుకే ఈ గొడవంతా? చర్చిలో ఆడవాళ్ళం తలా కాస్తా వేసుకుంటే రెండు నెలల్లో పెనం వచ్చేస్తుంది. వాళ్ళిచ్చే సోఫా తీసుకో, మేమిచ్చే పెనం తీసుకో. రెండూ ఉంటాయి."

"వద్దు అదెయ్."

"ఏం, మా డబ్బు చేదా?"

"మీరు కొనిస్తే ఆఫీసువాళ్ళు హాయిగా నిద్రపోతారు. నా వెనక వచ్చే పిల్లకీ సోఫానే ఇస్తారు. దాని వెనక వచ్చే పిల్లకీ సోఫానే. ఎన్నిసార్లు చందాలేస్తారు మీరు? ఆ డబ్బు నా ఇంటికిచ్చారు. నా ఇంటికే పెట్టాలి."

"అబ్బో, ఏం పొగరే! ఎవరి పోలికే నీకు?"

"రెండేళ్ళుగా మీ పళ్ళెంలోనే తింటున్నానుగా. ఇంకెవరి పోలిక వస్తుంది?"

అబ్రెహెత్ తిట్టకుండా ఆ పిల్ల తల నిమిరింది. అది ఆవిడకి అలవాటు లేని పని.

ఇంటికి వెళ్తుంటే బస్సు స్టాపులో కుబ్రోమ్ కనబడ్డాడు. సంగతి అప్పటికే అతని చెవిన పడింది. తల ఎత్తకుండా అన్నాడు:

"చెప్పెయ్ షెవిత్. ఒంటరిగా తింటానని చెప్పెయ్. నా కోసమని ఇల్లు పోగొట్టుకోకు."

"నీ కోసమా? నీకంత సీను లేదులే. నా ఇంట్లో నేనెలా తినాలో చెప్పడానికి ఆవిడెవరు? అదీ నా గొడవ."

"ఇంకా ఇల్లే లేదు. అప్పుడే ఇంట్లో ఎలా తినాలోనట!" అని నవ్వాడు. చాలా రోజులకి నవ్వడం.

మీటింగుకి షెవిత్ వెంట షీలా వస్తానంది. షెవిత్ అబ్రెహెత్‌ని తీసుకెళ్ళింది. ఆవిడ తెల్లటి నెత్సెలా శాలువా తల మీంచి కప్పుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళి మాటలకి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుంది. హిలరీ గొంతు మెత్తన. మెత్తని గొంతుతో వద్దని చెప్పేవాళ్ళతో గెలవడం కష్టం, ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

"నీ క్షేమం మా బాధ్యత షెవిత్. అది ఒక్క మనిషి ఉండే ఇల్లు. నువ్వు ఒక్కదానివే ఉంటావని, నీ వంట నీ మట్టుకేనని మాకు నమ్మకం కలిగించు. అంతే మేం అడిగేది."

"ఒక్కదాన్నే ఉంటాను. రాత్రి నేనొక్కదాన్నే పడుకుంటాను. అది నిజం, అంటాను" అంది షెవిత్. "ఒక్కదాన్నే తింటానని మాత్రం అనను."

గ్యారెత్ కళ్ళు మూసుకున్నాడు.

"మీరు నాకిచ్చే సోఫా మూడు సీట్లది కదా?" అంది షెవిత్.

"అవును. మంచి రకం. గట్టిగా ఉంటుంది."

"నేను ఒక్కదాన్ని. మిగతా రెండు సీట్లలో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరైనా స్నేహితులు వస్తే..."

"స్నేహితులు రావచ్చు. కూర్చోవచ్చు. టీవీ చూడొచ్చు. తినకూడదు. ఇదేనా మీ రూలు?"

గ్యారెత్ టీ కప్పులోకి దగ్గాడు. అబ్రెహెత్ షెవిత్ మోచెయ్యి పొడిచింది. "ఏమందే? ఏమంది?" షెవిత్ తమ భాషలో చెప్పింది.

"అయితే ఆవిణ్ణి అడుగు. తన ఇంటికి చుట్టాలొస్తే ఎదురుగా సోఫాలో కూర్చోబెట్టి తనొక్కతే తింటుందా అని."

"అది అడగను అదెయ్."

"ఏం, నోరు పడిపోయిందా?"

షెవిత్ అడిగింది. ఉన్నది ఉన్నట్టు, మెత్తన చెయ్యకుండా. హిలరీ మెడ మీద ఎరుపు పాకింది.

"మనం మాట్లాడేది మా ఇంటి గురించి కాదు."

"కాదు, నా ఇంటి గురించి. అదీ ఇల్లే."

హిలరీ కాసేపు పెన్ను తిప్పింది. చివరికి తాళం ఇచ్చేస్తామంది. ఆ పిల్ల ఒంటరిగా ఉంటానంటుంటే ఆపే హక్కు తనకి లేదని ఆవిడకి తెలుసు. డబ్బు సంగతి మాత్రం కదల్లేదు. దుకాణంలో ఉన్న సామాను తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు. సోఫా సోమవారం వస్తుంది.

సోఫా సోమవారమే వచ్చింది. అప్పటికి షెవిత్ మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లోకి మారి రెండు రోజులైంది. లిఫ్టు లేదు. ఇద్దరు లావుపాటి మనుషులు దాన్ని మెట్ల మలుపుల్లో నిలువుగా ఎత్తి, అడ్డంగా తిప్పి, గోడకి గీతలు పెట్టి పైకి తెచ్చారు. షెవిత్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నాకొద్దు. తీసుకెళ్ళండి."

"ఏమ్మా, మూడంతస్తులు మోశాం, వద్దంటావేంటి?"

"నేను మొయ్యమన్నానా? మంచినీళ్ళిస్తాను, తాగి దింపండి."

వంటింటి పెట్టె కూడా వద్దంది కనుక ఆ ఇంట్లో గ్లాసు లేదు. షీలా ఇచ్చిన టీ కప్పులో నీళ్ళు తెచ్చింది. ఇద్దరూ మెట్ల మీదే ఆ సోఫాలో కూలబడి, ఒక కప్పులోంచి ఒకరి తర్వాత ఒకరు తాగారు. ఎదురింటి ముసలాయన బయటికి రావడానికి దారి లేక తలుపు సందులోంచి చూస్తున్నాడు.

"మంచి సోఫానమ్మా ఇది" అన్నాడొకడు, పక్కన చేత్తో తట్టి.

"తెలుసు. చాలా మంచిది" అంది షెవిత్.

వాళ్ళు తిట్టుకుంటూ దాన్ని దింపుకుపోయారు.

ఆ సాయంత్రమే కౌన్సిల్‌కి ఫిర్యాదు రాసింది. అలాంటి పిల్లల తరఫున మాట్లాడే ఒకావిడ సాయం చేస్తానని, పెద్ద పెద్ద మాటలు పెట్టింది. షెవిత్ అవన్నీ తీయించి తన మాటలు పెట్టింది. "సోఫా బాగుంది. నాకు వద్దు. మీరు ఇంటికి డబ్బిచ్చారు. నాకు ఇల్లంటే పదిమంది తినే చోటు. దాన్ని కొననివ్వండి." దానికి జవాబు రావడానికి వారాలు పడుతుందన్నారు. పట్టింది.

ఆ వారాలు ఎలా గడిచాయో ఆమెకే తెలుసు. మంచం మీద పరుపు, నేల మీద చల్లటి చెక్క, కిటికీకి షీలా ఇచ్చిన పాత దుప్పటి. కాలేజీలో తోటి కుర్రాళ్ళు ఆటపట్టించారు. "ఏమండీ రాణీగారూ, మీ కోటలో సింహాసనం వచ్చిందా?" ఒకడు తెలివిగా సలహా చెప్పాడు, సోఫా తీసుకుని అమ్మేసి పెనం కొనుక్కోవాల్సిందని. "నాదాన్ని నేనే దొంగలా కొనుక్కోమంటావా?" అని వాణ్ణి తరిమింది. కానీ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి, ఒక్కతే దుకాణం రొట్టె నముల్తూ, తనే వాళ్ళు చెప్పమన్న మాటని రోజూ నిజం చేస్తోందని గుర్తొస్తే మిగతా రొట్టె పక్కన పెట్టేసేది. మంచు కురిసిన ఒక పొద్దున్న ఫోన్ తీసి గ్యారెత్ నంబరు నొక్కింది కూడా. సోఫా పంపించెయ్యండి, ఇక నా వల్ల కాదు అని చెప్పడానికి. అతను సైకిలు మీదున్నాడో ఏమో, ఎత్తలేదు. రెండోసారి చెయ్యలేదు. అతను తిరిగి చేసేసరికి ఆమె మొహం కడుక్కుని కాలేజీకి బయల్దేరింది.

"ఫోన్ చేశావేం?"

"పొరపాటున తగిలింది."

చలి తగ్గుతుండగా జవాబు వచ్చింది. హిలరీ పైన ఇంకొకరున్నారు, ఆ ఇంకొకరు రాశారు. సోఫాకీ టీవీకీ బదులు ఆమె అడిగిన వంట సామాను కొనివ్వండి. అది వ్యాపారానికి వాడకూడదు, ఇంట్లో వేరే మనుషుల్ని కాపురం పెట్టకూడదు, గ్యారెత్ అప్పుడప్పుడు కనుక్కుంటూ ఉండాలి. క్షమించమని ఎక్కడా లేదు. షెవిత్ వెతకలేదు. క్షమాపణని పెనం మీద పొయ్యడానికి కుదరదు.

మాంచెస్టర్ నుంచి పెనం దిగిన వారం, ఆదివారం నాడు, అబ్రెహెత్ మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. ఒక్కో మలుపులో ఆగి, కౌన్సిల్‌ని ఒకసారి, మోకాళ్ళని ఒకసారి, ఈ మెట్లు కట్టినవాణ్ణి ఒకసారి తిట్టి, పైకి చేరి, ఊపిరి పీల్చుకోకుండానే పిండి వేలితో తీసి నాకి చూసింది.

"ఇంకొంచెం పులవాలి. పర్లేదు. కానివ్వు."

షెవిత్ చిన్న జగ్గులోకి పిండి తీసుకుని, పెనం అంచు నుంచి చుట్టూ తిప్పుకుంటూ, లోపలికి లోపలికి, మధ్యదాకా పోసింది. అట్టు కళ్ళు కళ్ళుగా విచ్చుకుంది. మొదటిది చిరిగింది. మొదటిది ఎప్పుడూ చిరుగుతుంది. రెండోది చక్రంలా లేచింది. కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు, షీలా వచ్చి పీట మీద కూర్చోలేక గోడకి ఆనుకుంది, ఆఖర్ని కుబ్రోమ్ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పిలవలేదు. పళ్ళెం చుట్టూ ఉన్నవాళ్ళు కొంచెం కొంచెం జరిగారు. అతను వచ్చి కూర్చున్నాడు.

అందరూ చెయ్యి పెట్టారో లేదో, ఫోన్ మోగింది. గ్యారెత్.

అబ్రెహెత్ పెదాల మీద వేలు పెట్టుకుని, మిగతావాళ్ళనీ మాట్లాడొద్దని సైగ చేసింది. కుబ్రోమ్ చప్పుడు కాకుండా లేచి చెప్పుల కోసం చూశాడు.

"ఊరికే అడుగుతున్నా షెవిత్, అడగాలి కనుక అడుగుతున్నా. పెనం పని చేస్తోందా? ఇంట్లో నువ్వు ఒక్కదానివే ఉన్నావా?" గొంతు వింటే తెలుస్తోంది, అవునను చాలు, పెట్టేస్తానంటున్నాడు.

షెవిత్ జగ్గు పట్టుకున్న చేత్తోనే కుబ్రోమ్‌ని కూర్చోమంది. అతను కదల్లేదు. ఇంకోసారి, పిండి చిందేంత గట్టిగా చూపించింది. కూర్చున్నాడు.

"లేను. తొమ్మిది మందిమి ఉన్నాం. తింటున్నాం. పేర్లు చెప్పను, అది నీకు అనవసరం. ఎవరూ డబ్బివ్వలేదు, ఎవరూ ఇక్కడ పడుకోరు. రేపు ఎంతమందిమో కావాలంటే రేపు చెయ్యి, చెప్తాను. అలాగే రాసుకో."

అవతల టైపు చేస్తున్న టకటకలు.

"తొమ్మిది" అన్నాడు గ్యారెత్. "రాసుకున్నాను. కూరేంటి?"

"షిరో."

ఫోన్ కిటికీలో పెట్టేసి పెనం వైపు తిరిగింది. అప్పటికే అబ్రెహెత్ అరుస్తోంది.

"మూత వెయ్యవే మూత! దేశాలేలినట్టు మాట్లాడుతూ నిలబడితే అట్టు ఎండిపోతోంది!"